ఉప్పు ఎటూ పోదు

ఐదు క్యాన్ల మంచినీళ్లు దించి
చెమట తుడుచుకుంట అడిగిండు లింగస్వామి:
"ఇంట్లో ఏమన్న దావతా అక్కా?"
దావత్ కాదు, ఉప్పు కలపాలె అన్న.
మూడున్నర కిలోలు.
కాసేపు నా మొఖం చూసి
ఖాళీ క్యాన్లు మరిచి మెట్లు దిగిండు.

నల్గొండల పుట్టి
తియ్యటి నీళ్లు కొని ఉప్పగ చేసుకునే మనిషిని
నేను కూడా ఇంతకు ముందు చూడలే.

సముద్రం ఎంత దూరమో
నాకు బస్సు గంటల్లోనే తెలుసు.
ఒక్కసారి పోయిన, సూర్యలంకకు, డిపార్టుమెంటోళ్లతోని;
మోకాళ్ల దాకా దిగి
నోట్లకు వచ్చిన నీళ్లు ఉమ్మేసి వచ్చిన.
ఇప్పుడు రామగిరిల, ముందు గదిల
కుట్టుమిషన్ జరిపిన జాగల
నూరు లీటర్ల అద్దం.

మొదటి రోజే తేటగ మెరిసింది.
చేపను తెద్దామని క్లాక్ టవర్ దాటి పోతే
మొయిజ్ భాయ్ చెయ్యి అడ్డం పెట్టిండు:
"నీళ్లు ఇంకా పచ్చివి మేడం.
రొయ్య ముక్క ఒకటి వేసి కుళ్లనియ్యుండ్రి.
నలభై రోజులు. జర సబర్."

బాలింతకు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టిన.
రొయ్య కుళ్లింది. ఇల్లంత వాసన.
గాజు గొట్టంల అమ్మోనియా ఆకుపచ్చగ ఎక్కి, దిగింది.
వెనుకనే నైట్రైట్, వంకాయ రంగుల.
కంటికి ఆనని పురుగులేవో
ఒక విషాన్ని తిని ఇంకో విషం చేస్తే
దాన్ని ఇంకెవరో తిన్నరు.
అన్ని రోజులూ నీళ్లు మాత్రం తేటగనే ఉన్నయి.

నాకిది తెల్వనిదా?
పదహారేండ్ల సంది నా కొలువే నీళ్ల ల్యాబు.
బోరునీళ్ల సీసాలొస్తయి, చుక్కలేస్త,
గులాబీ రంగు పసుపుకు తిరిగితే ఫ్లోరైడ్.
ఇంట్ల పసుపు వస్తే అమ్మోనియా లేదని.
పొద్దున ఒక పసుపుకు దిగులు,
సాయంత్రం ఒక పసుపుకు సంబురం,
నడుమ ఆటో.

మా చింతపల్లి దిక్కు నీళ్లు కూడా అద్దమే.
చేదబావిల మొఖం చూసుకొని తాగినం.
నా పండ్ల మీది గోధుమ గీతలు ఆ తేటదనమే;
ఫోటోలకు నోరు మూసుకునే నవ్వుత.

వచ్చింది నారింజ చేప, మూడు తెల్ల పట్టీలు.
మూల మూలకు తిరిగి అజమాయిషీ చేస్తుంటే
నా బిడ్డ ప్రజ్ఞ సర్పంచ్ అని పేరు పెట్టింది.

మే నెల. నలభై నాలుగు డిగ్రీలు.
రోజూ గోటెడు లోతు నీళ్లు తగ్గేది.
సముద్రానికి సముద్రమే పొయ్యాలె కదా అని
తగ్గినంత ఉప్పునీళ్లే పోసిన.
పన్నెండో రోజు సర్పంచ్ అడుగున ఒరిగి
మొప్పలు ఎగపోసుకుంటున్నడు.
ఇరవై ఐదు మీద ఉండాల్సిన ముల్లు
ముప్పై రెండు చూపిస్తున్నది.
రాత్రి దాటలే.

మొయిజ్ భాయ్ తిట్టలే. ఫోన్ల మెల్లగ అన్నడు:
"లేచిపోయేది నీళ్లే మేడం. ఉప్పు ఎటూ పోదు.
తగ్గినకాడికి మంచినీళ్లే పొయ్యాలె."

ఫోన్ పెట్టి మెట్ల మీద కూసున్న.
మా ఊరి బావి ఏటేటా ఒక్కో ఒర దిగింది.
నీళ్లే పోయినయి.
మా పెదనాయిన నడుముల,
మా అక్క మోకాళ్లల్ల
ఉన్నది ఉన్నట్టే.

ఇప్పుడు రెండో చేప. పేరు పెట్టనియ్యలే.
పొద్దున్నే చెంబెడు మంచినీళ్లు, అంచు పొంటి, నిదానంగ.
పది రోజులకోసారి పది లీటర్లు తీసి కొత్త ఉప్పునీళ్లు.
కరెంటు పోతే బ్యాటరీ పంపు.
నీళ్లు వేడెక్కితే గడ్డకట్టిన సీసా తేలేస్త,
"దానికి సలి పెడ్తదేమో" అంటది ప్రజ్ఞ.
లింగస్వామి క్యాన్ దించి
అద్దం ముందట నిమిషం నిలబడి పోతడు. ఏమనడు.

నిన్న నోటుబుక్కుల అంకెలు రాసుకుంట
ఆఫీసు అలవాటున గీతలు కొట్టిన:
నమూనా: ముందు గది, రామగిరి.
రంగు: లేదు. వాసన: లేదు.
తాగుటకు: పనికిరాదు.
కింద ఇంకో గడి మిగిలింది.
దానికి మా రిజిస్టర్ల మాట లేదు.
ఖాళీగనే ఉంచిన.
ఇంకో ఇరవై రోజులు చూసి రాస్త.